తాత పేరు కొడితే ఏమీ రావట్లేదా? ముందు ఊరి పాత జిల్లా చూడండి

నల్లగొండ, పాలమూరు వైపు కుటుంబ చరిత్ర వెతికేవాళ్ల నుంచి ఎప్పుడూ వినేది ఒకటే: "పేరు కొట్టినా, ఊరు కొట్టినా ఏమీ రావట్లేదు." చాలాసార్లు సమాచారం అక్కడే ఉంటుంది, వెతికే చోటే తప్పు. సెన్సస్ డిజిటల్ లైబ్రరీలో తాత పేరు కోసం గంటలు గంటలు కూర్చోకండి. అందులో ఊళ్ల జాబితాలు, జనాభా పట్టికలు ఉంటాయి, మనుషుల పేర్లు ఉండవు.

2002 ఓటర్ల జాబితాలో మా నియోజకవర్గమే లేదు

పేర్లు కావాలంటే మొదలుపెట్టాల్సింది ఈ జాబితాతోనే. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి సైటులో ఉంటుంది. అప్పుడు డెబ్బై ఏళ్లున్న మనిషి 1932 ప్రాంతంలో పుట్టినట్టు. పక్కన తండ్రి పేరు కూడా ఉంటే ఒక్క వరుసతో ఇంకో తరం వెనక్కి వెళ్లొచ్చు.

నియోజకవర్గం కనిపించకపోవడానికి కారణం 2008 పునర్విభజన. 2002లో నాగార్జునసాగర్ పేరుతో నియోజకవర్గం లేదు, చలకుర్తి ఉండేది. దేవరకద్ర, నారాయణపేట కూడా లేవు, అమరచింత ఉండేది. పాత పేరుతో తెరవండి. పెళ్లయిన ఆడవాళ్లకు మామూలుగా భర్త పేరే రాస్తారు కాబట్టి అమ్మమ్మ పుట్టింటి వివరాలు అక్కడ దొరకవు. అవి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇవాళే రాసుకోండి.

పాత గెజెటీర్‌లో, సెన్సస్ పుస్తకంలో మహబూబ్‌నగర్ కింద మా ఊరు లేదు

అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2016లో జిల్లాలు విడిపోయాయని అందరికీ తెలుసు. తెలుగు వికీపీడియాలో ఊరి పేజీ తెరుస్తారు, "పాత మహబూబ్‌నగర్ జిల్లా" అని కనిపిస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ మాట 2016కి ముందు సంగతే చెబుతుంది. దాని వెనక 1956లో ఇంకో మార్పు ఉంది. ఎవరూ అడగనిది అదే.

1956 నవంబర్ 1 దాకా గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఈ మూడూ మహబూబ్‌నగర్‌లో కలిశాయి. కాబట్టి గద్వాల దగ్గరి ఊరిని 1951 సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో వెతకాలంటే రాయచూరు పుస్తకమే తీయాలి. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉన్న ఇంపీరియల్ గెజెటీర్‌లోనూ (బ్రిటిష్ కాలంలో ఊళ్ల, సంస్థానాల వివరాలు రాసిన పుస్తకం) అంతే, గద్వాల సంస్థానాన్ని రాయచూరు జిల్లాలోనే చూపిస్తారు. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో వెతికేటప్పుడు జిల్లా పేరు వదిలేసి తాలూకా పేరో, సంస్థానం పేరో వేయండి.

పేరు వెతకడానికి ముందు ఒక కాగితం మీద ఊరి పేరు రాసి, కింద 2019, 2016, 1956, 1949 అని వేసి, ఒక్కో ఏడాది నాటికి ఊరు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉందో రాయండి. నారాయణపేట జిల్లా అయింది 2019లో. 1949 ఎందుకంటే జాగీర్లు రద్దయింది అప్పుడే. అంతకుముందు మీ ఊరు దివానీ గ్రామమా (నేరుగా నిజాం ప్రభుత్వం కిందది), జాగీరా (ఒక జాగీర్దారుకు ఇచ్చినది), వనపర్తి, గద్వాల లాంటి సంస్థానం కిందదా (నిజాం కింద స్థానిక రాజులు ఏలినది) అన్నదాన్ని బట్టి వెతికే చోటే మారిపోతుంది. 1890కి ముందు కాగితాలైతే మహబూబ్‌నగర్ అని కాకుండా పాలమూరు అని వెతకండి. ఈ కాగితం లేకుండా సైటు తర్వాత సైటు తిరగడం శుద్ధ దండగ. దయచేసి ఈ పని చేశాకే మిగతావి మొదలుపెట్టండి.

పహాణీలో ఏడాది అర్థం కావట్లేదు

పహాణీ అంటే ఊరి భూమి, సాగు వివరాల రికార్డు. అందులో రాసేది ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్క ఏడాది. 590 కలపండి: 1364 ఫసలీ అంటే 1954-55, ఖాస్రా పహాణీ రాసిన ఏడాది. కాగితం ఉర్దూలో ఉంటే చదవగలిగిన పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, ఇంటిపేరు ఊహించి చదవకండి.

మిగతావి

ఫ్యామిలీసెర్చ్ అనే కుటుంబ చరిత్ర సైటులో హరిద్వార్ పండాల వహీలు (తీర్థ పురోహితులు రాసుకున్న వంశావళి పుస్తకాలు) ఉన్నాయి, కానీ మన వైపు కుటుంబాలు వాటితో మొదలుపెట్టనక్కర్లేదు. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి రిజిస్టర్లు అడగండి. మెనొనైట్ మిషన్ పాలమూరు, వనపర్తి, దేవరకొండల్లో పనిచేసింది. ఇంగ్లీషు స్పెల్లింగ్ తేడాల వల్ల దొరకకపోతే రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి, అంతకంటే దానికి సమయం పెట్టకండి.