సొంతంగా వెబ్ యాప్ – 6వ పాఠం: 3000 పోర్టును పట్టుకున్నది ఎవరు?

పోయిన పాఠంలో సర్వర్ స్టార్ట్ చేసి లోకల్‌హోస్ట్ (అంటే మీ సొంత కంప్యూటరే) 3000 తెరవమన్నాను. మొదటి రోజు అందరికీ పని చేసింది. రెండో రోజు చాలామందికి "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని ఎర్రక్షరాలు వచ్చాయి. అందుకే డేటాబేస్ పాఠాన్ని వచ్చే వారానికి జరిపాను. ఇది తేలకుండా ముందుకు పోతే రోజూ ఇదే లొల్లి.

పోర్టు అంటే ప్రోగ్రామ్ కనెక్షన్ల కోసం ఎదురుచూసే నంబర్, అంతకు మించి మళ్లీ చెప్పను. మామూలుగా ఒక నంబర్ దగ్గర ఒకే ప్రోగ్రామ్ కూర్చుంటుంది, అది గుర్తుంటే చాలు.

సర్వర్ ఆపడానికి మీలో చాలామంది కంట్రోల్ జెడ్ నొక్కారు. దయచేసి ఈ అలవాటు మానుకోండి. లినక్స్‌లో, మ్యాక్‌లో అది సర్వర్‌ను ఆపదు, నిద్రపుచ్చుతుంది. తెర మీద "స్టాప్డ్" అనో "సస్పెండెడ్" అనో పడుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. కాజీపేటలో గూడ్సు బండి ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయిందనుకోండి. అది కదలదు, ప్లాట్‌ఫారం ఖాళీ కాదు, వెనకొచ్చే బండి అవుటర్‌లోనే ఆగాలి. ఇదీ అంతే.

గుర్తుపట్టడం సులువే. సర్వర్ నిజంగా లేకపోతే బ్రౌజర్ వెంటనే కనెక్ట్ కాలేదని చెప్పేస్తుంది. నిద్రలో ఉంటే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. వచ్చిన కనెక్షన్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకుని వరసలో పెడుతుంది, జవాబు చెప్పాల్సిన ప్రోగ్రామ్ లేవదు. అదే టెర్మినల్‌లో 'ఎఫ్‌జీ' కొట్టి ఎంటర్ నొక్కండి, సర్వర్ లేస్తుంది. అప్పుడు కంట్రోల్ సీ నొక్కండి.

ఏ టెర్మినలో గుర్తులేకపోతే 'ఎల్‌ఎస్‌ఓఎఫ్ -ఐ :3000' కొట్టండి (టైప్ చేసేది ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే). పీఐడీ (నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే గుర్తింపు నంబర్) కింద నంబర్ కనబడుతుంది. 'కిల్' తర్వాత ఆ నంబర్ ఇవ్వండి. నిద్రలో ఉన్నది దీనికి పోకపోతేనే మధ్యలో '-9' పెట్టండి. విండోస్‌లో 'నెట్‌స్టాట్ -ఏఎన్ఓ' కొడితే చివరి నిలువు వరసలో పీఐడీ ఉంటుంది. నేనైతే ఆ నంబర్‌ను టాస్క్ మేనేజర్‌లో వెతికి, పేరు చూశాకే ఎండ్ టాస్క్ నొక్కుతాను.

"3001కి మారిస్తే పోలేదా సార్?" అంటున్నారు. హనుమకొండలో నా దగ్గర నేర్చుకునే అమ్మాయి అదే చేసింది. బటన్ రంగును నీలం నుంచి ఆకుపచ్చకు మార్చింది. ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా నీలమే. రెండు గంటలు పరేషాన్ అయింది. కొత్త కోడ్ 3001లో నడుస్తోంది, ఆమె చూస్తున్న ట్యాబ్ 3000ది. అక్కడ పాత ఫోల్డర్ సర్వర్ ఇంకా బతికే ఉంది.

పైగా పోర్టు మారితే బ్రౌజర్ లెక్కలో అది వేరే చిరునామా (ఆరిజిన్). లోకల్ స్టోరేజ్‌లో (పేజీ బ్రౌజర్‌లో దాచుకునే చోటు) దాచుకున్నవి కనబడవు, ఏపీఐ (పేజీ డేటా అడిగే సర్వర్) దగ్గర కార్స్ ఎర్రర్, అంటే వేరే ఆరిజిన్ నుంచి వచ్చావని బ్రౌజర్ అడ్డుకోవడం, మొదలవ్వొచ్చు. కుకీలు మాత్రం పోర్టును పట్టించుకోవు. అందుకే లాగిన్ సగం పని చేసినట్టు, సగం చేయనట్టు ఉంటుంది.

వీట్ (వెబ్ పేజీలు తయారుచేసేటప్పుడు సర్వర్ నడిపే టూల్) వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. 5173 దొరక్కపోతే అది ఎర్రర్ ఇచ్చి ఆగకుండా 5174కి పోతుంది. ప్రతి ప్రాజెక్టులో నేను వీట్ సెట్టింగ్స్‌లో 'స్ట్రిక్ట్‌పోర్ట్'ను ట్రూ చేసి పెడతాను, అప్పుడది వేరే పోర్టుకు పోదు. ఎర్రర్ వస్తే రానీ, దారి తప్పడం కన్నా నయం. మ్యాక్‌లో ఫ్లాస్క్ (పైథాన్‌తో వెబ్ యాప్ రాసే టూల్) 5000 మీద లేవకపోతే సెట్టింగ్స్‌లో ఎయిర్‌ప్లే రిసీవర్ ఆపి చూడండి.

అభ్యాసం: 3000, 3001, 3002 మీద మూడు సర్వర్లు లేపండి. ఒకదాన్ని కంట్రోల్ జెడ్‌తో నిద్రపుచ్చండి, ఇంకోదాన్ని కంట్రోల్ సీతో ఆపండి. ఏది ఏదో మీ ఇంట్లోవాళ్లు చెప్పకుండా నొక్కితే ఇంకా మంచిది. మూడు ట్యాబులు తెరిచి, బ్రౌజర్ తీరు చూసే ఏది నిద్రలో ఉందో నోట్‌బుక్‌లో రాయండి. ఆ తర్వాతే పీఐడీతో సరిచూసుకోండి.