క్లాసులో కథ చదివి వినిపించడం ఎలా?

ఒకటి నుంచి మూడో తరగతి దాకా పది నిమిషాల్లో అయిపోయే కథ చాలు. బొమ్మలు పెద్దగా ఉన్న పుస్తకం తీసుకుని, ముందురోజు ఇంట్లో ఒకసారి పైకి చదువుకోండి. పిల్లల్ని చాపల మీద దగ్గరగా కూర్చోబెట్టి, మీరు చిన్న కుర్చీలో కూర్చోండి. నిలబడి చదవకూడదు. పుస్తకం ఎడమచేతిలో, బొమ్మ పిల్లల వైపు ఉండాలి. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడే దీనికి సరైన సమయం.

ఇదంతా తేలికే. ఎక్కడ ఆపాలన్న దగ్గరే చాలామంది చెడగొడతారు. వాక్యానికోసారి ఆపి "అర్థమైందా?" అంటారు. "అర్థమైంది టీచర్" అని క్లాసంతా రాగం తీస్తుంది. కథ అక్కడే తెగిపోతుంది.

ఏడు చేపల కథే తీసుకోండి. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" "గడ్డిమోపు అడ్డమొచ్చింది." ఇక్కడ ఆపకండి. మోపంటే తెలియదనిపిస్తే "గడ్డి కట్ట" అని అదే గొంతులో కలిపేసి ముందుకు వెళ్లండి. ఆవు, అవ్వ, ఏడ్చే పిల్లాడు... ఆ వరుసంతా ఒకే ఊపులో పోవాలి. కాసేపటికి "ఎందుకు" అన్న ప్రశ్న పిల్లలే అందుకుంటారు, అందుకోనివ్వండి.

ఆపాల్సింది ఒక్కచోటే. "చీమా చీమా ఎందుకు కుట్టావు?" అని చదివాక పేజీ తిప్పకండి. తలెత్తి పిల్లల ముఖాలు చూస్తూ మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. టెన్షన్‌గా ఉంటుంది, జవాబు మనమే చెప్పేద్దామనిపిస్తుంది. చెప్పకండి. మొన్న రెండో తరగతిలో ఇలాగే ఆగాను. వెనక కూర్చున్న ఒకబ్బాయి అప్పటిదాకా చాప చిరుగులో వేలు పెట్టి తిప్పుతున్నాడు. చటుక్కున ఆ వేలు తీసి గుప్పిట్లో దాచుకున్నాడు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్నది నేనింకా చదవనేలేదు!

ఎవరైనా తప్పు చెబితే సరిదిద్దొద్దు. "చూద్దాం" అని పేజీ తిప్పండి, చాలు.

ఫోన్‌లో కథ పెట్టి వినిపించేవాళ్లున్నారు. ఫోన్‌కి పిల్లల ముఖాలు కనబడవు, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. బాగా చదివే పిల్లాడి చేత చదివించినా అంతే, వాడి చూపంతా అక్షరాల మీదే ఉంటుంది. ఈ పని టీచరే చేయాలి.

కథయ్యాక నీతి అడగొద్దు, ప్రశ్నలు రాయించొద్దు. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. గోడకి పిల్లల చేతికందే ఎత్తులో తాడు కట్టి, దానికి వేలాడదీయండి. మర్నాడు మళ్లీ అదే కథ కావాలంటారు. మళ్లీ చదవండి, చీమ దగ్గర మళ్లీ ఆగండి.