పిస్టల్ నడుముకు పెట్టుకునే ముందు తూటాల లెక్క

లైసెన్సు పిస్టల్ నడుముకు పెట్టుకుని బండెక్కాక, సగం దారిలో ‘ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా పేలే చోట, తూటా ఉండిపోయిందా?’ అని టెన్షన్. నాది పాత పాయింట్ 32 సైజు తూటాల పిస్టల్. సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేశాం కదా అని ఊరుకోలేను. ఆ మీట బట్టకు రాసుకుని కిందికి జారడం రెండుసార్లు చూశాను.

అందుకే ఛాంబర్ ఖాళీగా, మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బీ) మాత్రం నింపి పెట్టుకుంటున్నాను. ఇందులో వరసే ముఖ్యం. గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. ముందు మ్యాగజైన్ తీసి జేబులో వేసుకోవాలి. ఆ తర్వాతే స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని) మూడుసార్లు పూర్తిగా వెనక్కి లాగాలి. మూడోసారి వెనక్కే పట్టి ఉంచి, ఫోన్ లైటు వేసి లోపల చూడాలి. ఖాళీ అని తేలాక స్లైడ్ వదిలి, సేఫ్టీ వేసి, మ్యాగజైన్ పెట్టాలి. ఇక స్లైడ్ ముట్టుకోవద్దు.

ఇంకోటి, తూటాలు లెక్కపెట్టండి. ఏడు నింపి వెళ్తే, ఇంటికొచ్చాక మ్యాగజైన్‌లో ఏడూ ఉండాలి. పేల్చకుండానే ఆరు కనిపిస్తే ఏడోది ఛాంబర్‌లో ఉండొచ్చు.

వరస తిరగబడితే మాత్రం ఇదంతా వృథా. మ్యాగజైన్ ఉండగా స్లైడ్ లాగితే పాత తూటా బయటపడి కొత్తది ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. తర్వాత మ్యాగజైన్ తీసినా అది లోపలే ఉంటుంది, చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి. ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేసే కంగారులో సరిగ్గా ఇదే పొరపాటు జరిగే వీలుంది. పైగా అవసరం పడితే స్లైడ్ లాగడానికి రెండు చేతులూ కావాలి, అదీ గుర్తుంచుకోండి.