మన అపార్ట్‌మెంట్‌కు ఫైర్ ప్లాన్ – 4వ పాఠం: మెట్ల తలుపు

ఈ వారం అలారం ప్యానెల్ గురించి రాయాలి. కానీ మంటలొస్తే బయటపడే దారి గీసి 3వ పాఠానికి మీరు పంపిన ప్లాన్లు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు.

ముందు ఇంట్లోంచి మెట్ల తలుపు దాకా దూరం సంగతి. బెంగళూరులో సర్జాపుర, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎక్కడి ప్లాన్ చూసినా చాలామంది స్కేలు పెట్టి గోడల మీదుగా గీత లాగేశారు. గోడలోంచి ఎవరూ నడవరు కదా. ఫ్లాట్‌లో అన్నిటికన్నా లోపలున్న గది మూల నుంచి మొదలుపెట్టి, సోఫా చుట్టూ, గుమ్మం దాటి, వరండాలో చెప్పుల స్టాండును తప్పించుకుంటూ, మెట్ల తలుపు దాకా నడిచే దారి వెంటే టేపు పరవండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ నివాస భవనాలకు చెప్పే 30 మీటర్ల హద్దు ఆ దూరానికే. కాగితం మీద 22 వచ్చిన ఇల్లు టేపు వేస్తే 31కి పోవచ్చు.

రెండు మెట్లదారులూ ఒకే లిఫ్ట్ లాబీలోకి తెరుచుకుంటుంటే వాటిని రెండుగా రాయకండి. ఆ లాబీ పొగతో నిండితే రెండూ పోయినట్టే. లిఫ్టును దారిగా చూపినవాళ్లు మొదటి పాఠం మళ్లీ చదవండి.

ఇక అసలు విషయం. ప్లాన్లతో పాటు పంపిన ఫొటోల్లో మెట్ల ఫైర్ డోర్ దాదాపు ప్రతిచోటా బార్లా తెరిచే ఉంది. ఒకచోట ఇటుక, ఒకచోట తులసి కుండీ, ఇంకోచోట తలుపును దానంతటదే మూసే క్లోజర్ చేతినే ఊడదీసి తలుపును గోడకు తాడుతో కట్టేశారు. 120 నిమిషాలు మంటను ఆపాల్సిన తలుపు తెరిచి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆపదు. 2వ అంతస్తులో తలుపు తెరిచి ఉంటే అక్కడి పొగ మెట్లలోకి దూరి, పొయ్యి గొట్టంలో ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. 9వ అంతస్తువాళ్లు తమ తలుపు తీసేసరికి ఎదురుగా చీకటి. మెట్లలోకి గాలి కొట్టే ప్రెషరైజేషన్ ఫ్యాన్ ఉంది కదా అంటారు. నాలుగు తలుపులు తెరిచి ఉంటే ఆ గాలంతా లాబీల్లోకి పోతుంది, మెట్లలో ఒత్తిడి నిలవదు. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు కార్ల్టన్ టవర్స్ అగ్నిప్రమాదంలో 9 మంది చనిపోయారు. అక్కడ జనాన్ని కమ్మేసింది పొగే. ఊపిరాడక కిటికీల్లోంచి దూకినవాళ్లున్నారు.

ఇటుక తీసేయమని సర్క్యులర్ పంపితే మర్నాటికి మళ్లీ వస్తుంది. ఎందుకు పెట్టారో కనుక్కోండి. ఎక్కువగా కారణం చప్పుడు. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరు గాలికి తలుపు ధడేల్మని కొట్టుకుంటుంది, పక్క ఫ్లాట్‌లో పసిపిల్ల లేస్తుంది, ఇటుక పడుతుంది. మందు క్లోజర్‌లోనే ఉంది. దాని పక్కన సాధారణంగా రెండు స్క్రూలుంటాయి. ఒకటి తలుపు తిరిగి వచ్చే వేగానికి, రెండోది చివర్లో లాచ్ (నాలుక గడియ) పడే వేగానికి. ధడేల్మంటే రెండోదాన్ని బిగించాలి, లాచ్ పడకపోతే వదులు చేయాలి. ఒక్కోసారికి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే, ఆపైన తలుపు వదిలి చూడాలి. స్క్రూను పూర్తిగా బయటికి తీశారో, నూనె కారిపోతుంది. ఇప్పటికే కారుతున్న క్లోజర్‌ను ఎంత తిప్పినా లాభం లేదు, మార్చాల్సిందే. రెండు రెక్కల తలుపైతే ఏ రెక్క ముందు మూసుకోవాలో చూసే కోఆర్డినేటర్ ఉందా లేదా చూడండి. అది లేకపోతే రెక్కలు ఒకదానికొకటి అడ్డం పడి సగంలో ఆగిపోతాయి.

ట్రాలీలు తిరిగే చోట తలుపు తెరిచి ఉండక తప్పదంటే అలారానికి కలిపిన మాగ్నెట్ హోల్డర్ పెట్టించండి. అలారం మోగినా, కరెంటు పోయినా అది తలుపును వదిలేస్తుంది. నేనైతే గ్రౌండ్ ఫ్లోర్‌కు తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను. తలుపు మూసే ఉంచాలని చెప్పే స్టిక్కర్ కన్నడ, హిందీల్లో కూడా ఉండాలి. బకెట్ అడ్డం పెట్టేది కమిటీ సభ్యులు కాదు, ఊడ్చి తుడిచేవాళ్లు.

అభ్యాసం: మీ టవర్‌లోని ప్రతి మెట్ల తలుపుకూ మూడు పరీక్షలు. 14 అంతస్తులు, రెండు మెట్లదారులుంటే 28 తలుపులు, 84 గళ్ల పట్టిక. మొదటిది, తలుపును 90 డిగ్రీలు తెరిచి వదలండి. రెండోది, 10 సెంటీమీటర్లే తెరిచి వదలండి. ఎక్కువ తలుపులు తప్పేది ఇక్కడే, వేగం అందక లాచ్ దగ్గర ఆగిపోతాయి. మూడోది, వరండా కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఉంటే ఆన్ చేయించి, మళ్లీ వదలండి. అదే సమయంలో ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా పిలిచి తలుపు తోయమనండి. ఆవిడ తోయలేకపోతే అదీ ఫెయిలే. మూసుకున్నట్టు కనిపిస్తే చాలదు. హ్యాండిల్ నొక్కకుండా లాగి చూసి, రాకపోతేనే పాస్ అని రాయండి.

పట్టికలు వచ్చాకే అలారం ప్యానెల్.