జీపీఎస్‌తో హిమాలయాల కొలత – 4వ పాఠం: ముందు తీసివేత సరిచేద్దాం

పోయిన పాఠంలో హైదరాబాద్, టిబెట్‌లోని లాసా జీపీఎస్ స్టేషన్ల వేగాలు చాలామంది సరిగ్గానే కట్టారు. తేడా వచ్చిందల్లా చివరి వాక్యంలో: "భారత్‌తో పోలిస్తే లాసా ఏడాదికి 5 మి.మీ. కదులుతోంది." అసలు విలువ దానికి నాలుగింతలు. నిలువు కదలిక సంగతి వచ్చేసారి చూద్దాం, ముందు ఇది తేలాలి.

ఐటీఆర్‌ఎఫ్‌లో (భూమి మొత్తానికీ వాడే ప్రామాణిక కొలత చట్రం) ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఆవరణలోని హైదరాబాద్ స్టేషన్ ఏడాదికి సుమారు 41 మి.మీ. తూర్పుకి, 35 ఉత్తరానికి జరుగుతుంది. లాసా 46 తూర్పుకి, 16 ఉత్తరానికి. ఈ వేగాల్ని బాణాలుగా గీస్తే వాటి పొడవులు 54, 49. మీరు ఈ పొడవుల్లో ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేశారు, 5 వచ్చింది. పొడవులో దిక్కు ఉండదు, కాబట్టి అలా తీసేయకూడదు. తూర్పులోంచి తూర్పు తీయండి: +5. ఉత్తరంలోంచి ఉత్తరం: –19. ఇప్పుడు వర్గాలు కలిపి వర్గమూలం తీయండి: దాదాపు 20 మి.మీ., దక్షిణ దిశగా.

ఒకటి నేరుగా తూర్పుకి 40, ఇంకొకటి నేరుగా ఉత్తరానికి 40 వెళ్తున్నాయనుకోండి. పొడవుల తేడా సున్నా, నిజమైన తేడా 57. ఈ తప్పు అన్నిచోట్లా బయటపడదు, అదే ప్రమాదం. హైదరాబాద్–బెంగళూరు జంటలో బాణాలు ఇంచుమించు ఒకే దిక్కున ఉంటాయి, ఏ పద్ధతిలో చేసినా 1 మి.మీ. దగ్గరే వస్తుంది.

ఆ 1 మి.మీ. కూడా నేల నలగడం కాదు. భారత పలక (భారత్‌ని మోసే భూపటల ఫలకం) ఒక ధ్రువం (తిరుగుడు అక్షం నేలని తాకే బిందువు, ఉత్తర ధ్రువం కాదు) చుట్టూ పది లక్షల ఏళ్లకు సుమారు అర డిగ్రీ తిరుగుతోంది, అందుకే చోటు మారితే వేగమూ మారుతుంది. అందుకే లాసా వేగంలోంచి ఒక్క స్టేషన్ వేగాన్ని తీసేయడం నాకు నచ్చదు. పలక తిరుగుడు నుంచి లాసా దగ్గర రావాల్సిన వేగం కట్టి (సుమారు తూర్పుకి 39, ఉత్తరానికి 36) కొలిచిన వేగంలోంచి దాన్ని తీసేయండి. అప్పుడు +7, –20 మిగులుతాయి. కొండలు నలిగే లెక్క ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

అభ్యాసం: నేపాల్‌లో దక్షిణం నుంచి ఉత్తరానికి ఆరు స్టేషన్లు తీసుకోండి. ఒక్కోదానికి కనీసం మూడేళ్ల రోజువారీ డేటా ఉండాలి. గంగా మైదానంలో వానాకాలపు నీటి బరువుకి నేల కుంగి లేస్తుంది, తక్కువ కాలమైతే ఆ ఊపు వేగంలో కలిసిపోతుంది. డేటా 2015 ఏప్రిల్ 24తో ఆపేయండి. మర్నాటి గోర్ఖా భూకంపంలో కాఠ్మండూకి ఉత్తరాన కకనీ స్టేషన్ దక్షిణానికి దాదాపు 1.8 మీటర్లు జరిగింది. డేటాలో మెట్టులా కనిపించే ఆ గెంతు మీదుగా ఒకే గీత గీస్తే వచ్చే వేగం దేనికీ పనికిరాదు. పలక వేగం తీసేశాక మిగిలిన దక్షిణ వేగాన్ని దూరానికి ఎదురుగా గీయండి. ఆ గీత దక్షిణపు చివర సున్నా దగ్గర మొదలవకపోతే తీసివేత దగ్గరికే మళ్లీ వెళ్లండి.