టీకాకి బయల్దేరే ముందు

క్షయ రాకుండా వేసే బీసీజీ, పోలియో చుక్కలు, విరేచనాల జబ్బుకి వేసే రోటా చుక్కలు, తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా): ఇవన్నీ బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు నిశ్చింతగా వేయించండి.

బాబుకి మాటిమాటికీ న్యుమోనియా వస్తోందా? నోట్లో తెల్లపూత తగ్గట్లేదా? అన్నో అక్కో పసితనంలోనే ఇన్ఫెక్షన్‌తో పోయారా? మీది మేనరికమా? ఇవి పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపానికి సూచనలు కావచ్చు, అలాంటి పిల్లలకు సజీవ టీకాలతో ఇబ్బంది రావచ్చు. ఆసుపత్రిలో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడే టీకా కార్డు వెనక రాసుకోండి. లోపలికెళ్లాక టెన్షన్‌లో మర్చిపోతాం. డాక్టరుగారు అడగకపోయినా మేనరికం సంగతి చెప్పండి, ఇందులో సిగ్గుపడేదేం లేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్న కొందరిలో రుబెల్లా టీకా వైరస్ ఏళ్ల తరబడి చర్మంలోనే ఉండిపోతుంది. చేతుల మీదో, కాళ్ల మీదో ఎర్రటి గట్టి బొడిపెలు లేస్తాయి, పుండ్లవుతాయి, ఎంతకీ మానవు. అలాంటివి కనిపిస్తే ఎప్పుడో వేసిన టీకా సంగతి కూడా చెప్పండి.

బిడ్డకి స్టెరాయిడ్లు, కీమో, ఇమ్యూనోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల మందు) వాడుతుంటే తేదీలతో సహా చెప్పాలి.

ఇంట్లో ఒక బిడ్డకి రోగనిరోధక లోపం ఉంటే మిగతా పిల్లలకు పోలియో చుక్కలు వద్దు, ఇంజెక్షన్ అడగండి. చుక్కల్లోని వైరస్ మలం ద్వారా బయటికొస్తుంది. మిగతా టీకాలు మాత్రం డాక్టరుని అడిగి వేయించండి, మానేయకండి. ఆ బిడ్డకి జబ్బులు సోకకుండా వాళ్లే అడ్డుగోడ.