ఫిల్మ్ ల్యాబ్ పెట్టాలనుకుంటే మెషిన్ సంగతి ఆఖర్న చూడండి

సినిమా ఫిల్మ్ కడిగే ల్యాబ్ పెడదామనుకునే వాళ్ళు మొట్టమొదట అడిగేది మెషిన్ ఎక్కడ దొరుకుతుందని. పాత ల్యాబులు మూసేశాక సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్లు, అంటే ఫిల్మ్ కడిగే మెషిన్లు, తిరుగుతూనే ఉన్నాయి, కాస్త వెతికితే దొరుకుతాయి. కానీ నీళ్ళు, కరెంటు, వాడిన కెమికల్ ఎటు పోవాలి, ఈ మూడూ తేలకుండా మెషిన్ తెచ్చారనుకోండి, ఇక దాన్ని దుమ్ము దులుపుకుంటూ కూర్చోవడమే.

ముందు ఏ ప్రాసెస్ చేస్తారో తేల్చుకోండి. కలర్ నెగటివ్‌కి ఈసీఎన్-2, కలర్ ప్రింట్‌కి ఈసీపీ-2, బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కి డీ-96. ఇప్పుడు చాలామంది షూట్ చేసి నెగటివ్ స్కాన్ చేయించుకుంటున్నారు కాబట్టి ఈసీఎన్-2 ఒక్కటి గట్టిగా పట్టుకోండి, ప్రింట్ సంగతి తర్వాత. కొడాక్ వాళ్ళ హెచ్-24 మాన్యువల్ ఉంటుంది, అది పక్కన పెట్టుకోకుండా ఒక్క ట్యాంక్ కూడా కలపొద్దు.

వరస ఇలా ఉంటుంది. మొదట ప్రీబాత్, ఫిల్మ్ వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉన్న స్టాక్ అయితే అది ఇక్కడ మెత్తబడుతుంది, వెంటనే నీటి జెట్లు, బఫర్ రోలర్ దాన్ని తీసేస్తాయి. సరిగ్గా పోలేదా, ఆ మసి డెవలపర్లోకి (బొమ్మని బయటికి తెచ్చే కెమికల్) దిగి తిరిగి ఎమల్షన్ (ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడే పూత) మీద అంటుకుంటుంది, ఎండాక ఇక దాన్ని వదిలించలేక చస్తారు. తర్వాత డెవలపర్ 3 నిమిషాలు, ఆ తర్వాత డెవలప్ అవడాన్ని ఆపే స్టాప్, వాష్, వెండిని కరిగే రూపంలోకి మార్చే బ్లీచ్, వాష్, ఆ వెండిని కరిగించి తీసేసే ఫిక్సర్, వాష్, ఫైనల్ రిన్స్, డ్రయ్యర్. స్టాప్‌కీ బ్లీచ్‌కీ మధ్య వాష్ ఎందుకులే అనుకోకండి, స్టాప్‌లో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, ఫెర్రిసైనైడ్ బ్లీచ్‌కి గట్టి యాసిడ్ తగిలితే విష వాయువు పుట్టే ప్రమాదం ఉంది.

అన్నిట్లోకీ ప్రాణం డెవలపర్. 41.1 డిగ్రీల సెల్సియస్, అటూ ఇటూ 0.1 మాత్రమే, అంటే మామూలు థర్మోస్టాట్‌తో అయ్యే పని కాదు, మంచి కంట్రోలర్, ఆగకుండా తిరిగే సర్క్యులేషన్ పంపు, ఫిల్టరు, ఇవన్నీ ఉండాలి. ఇక స్పీడు లెక్క తేలికే: మెషిన్ నిమిషానికి 30 అడుగులు లాగితే 3 నిమిషాలకి డెవలపర్లో ఎప్పుడూ 90 అడుగుల ఫిల్మ్ మునిగి ఉండాలి, ట్యాంకులు, లోపల ఫిల్మ్ తిరిగే రోలర్ల రాక్‌లు దానికి తగ్గట్టు ఉన్నాయో లేదో కొనేముందే కొలవండి. 16 ఎంఎం 400 అడుగులంటే 24 ఫ్రేముల లెక్కన 11 నిమిషాల సినిమా, 35 ఎంఎం అయితే నాలుగున్నర నిమిషాల లోపే, ఆ స్పీడులో రెండూ మెషిన్‌లోకి వెళ్ళడానికి పట్టే టైమ్ మాత్రం ఒకటే.

ఇప్పుడు కరెంటు. ఫిల్మ్ డెవలపర్లో ఉండగా మెషిన్ ఆగిందా, ఆ 90 అడుగులూ మర్చిపోండి, మళ్ళీ షూట్ చేయలేని షాట్ అందులోనే ఉంటుంది, ఎప్పుడూ అంతే. డ్రైవ్ మోటార్ కనీసం యూపీఎస్ మీద ఉండి తీరాలి, జనరేటర్ అందుకునే లోపు అది లాగాలి.

కెమికల్ కలిపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత మాన్యువల్లో ఉన్న వరసలోనే ఒక్కొక్కటి, యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి గానీ నీళ్ళని యాసిడ్‌లో కాదు. డెవలపర్లో ఉండే సీడీ-3 అనే కెమికల్ చర్మానికి పడదు, గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే కొందరికి దద్దుర్లు వస్తాయి. ఫిక్సర్ కలిపిన బకెట్‌లో డెవలపర్ కలపొద్దు, ప్రతిదానికీ వేరే బకెట్, వేరే కలిపే కర్ర పెట్టుకోండి, రంగు టేప్ చుట్టేస్తే ఇంకా మంచిది.

రోజూ పొద్దున్నే కస్టమర్ ఫిల్మ్ కంటే ముందు కంట్రోల్ స్ట్రిప్ (ముందే కొలత ప్రకారం ఎక్స్‌పోజ్ చేసిన పరీక్ష ముక్క) వేసి, ఫిల్మ్ ఎంత నల్లబడిందో కొలిచే డెన్సిటోమీటర్‌తో చూసి చార్ట్‌లో రాయండి. ఒకసారి మాకు స్ట్రిప్‌లో డెన్సిటీ రోజుకి కొంచెం కొంచెం పడిపోతూ వచ్చింది, టెంపరేచర్ బాగానే ఉంది, స్పీడూ బాగానే ఉంది, బుర్ర పీక్కుని చివరికి చూస్తే, వాడేకొద్దీ బలం తగ్గే డెవలపర్‌కి కొత్త కెమికల్ చేర్చే రిప్లెనిషర్ ట్యూబ్‌లో ఉప్పులాగా పేరుకుని సగం పూడుకుపోయి ఉంది. చార్ట్ లేకపోతే అది కస్టమర్ ఫోన్ చేసి తిట్టాకే తెలిసేది. అప్పట్నుంచి నెలకోసారి ట్యూబులు ఊడదీసి కడగడం అలవాటైంది.

లోడింగ్ అంతా చీకట్లో చెయ్యాలి. మెషిన్ ఆగకుండా కొత్త రీల్ అతికించడానికి ఎలివేటర్ (కొంత ఫిల్మ్‌ని ముందే నిల్వ ఉంచుకుని మెషిన్‌కి అందించే రోలర్ల అమరిక) కొంత టైమ్ ఇస్తుంది, ఆ లోపల చేతుల అంచనాతోనే స్ప్లైస్ వేసి స్టేపుల్ కొట్టాలి, అంచు పైకి లేవకుండా చూసుకోండి, లేచిందంటే ఫిల్మ్ మీది తడి తుడిచే స్క్వీజీ దగ్గర పట్టుకుని చిరుగుతుంది. కొన్ని వారాలు వెలుతురులోనే పనికిరాని ఫిల్మ్‌తో ప్రాక్టీస్ చేసి, తర్వాత కళ్ళకి గంతలు కట్టుకుని చేసి, అప్పుడు డార్క్‌రూమ్‌లోకి వెళ్ళండి. నవ్వుకోకండి, పని చేస్తుంది.

డ్రయ్యర్‌కి ఫిల్టర్ చేసిన గాలి తప్పనిసరి, దుమ్ము తడి ఎమల్షన్ మీద పడితే అక్కడే ఉండిపోతుంది. మరీ ఎండిపోయినా ఫిల్మ్ చుట్టుకుపోతుంది. వాడిన ఫిక్సర్లో వెండి ఉంటుంది, ఎలక్ట్రోలిసిస్ యూనిట్ పెట్టి తీసేయండి, డ్రైనేజీలోకి వదలొద్దు.

లైట్ ఆపేముందు క్యాన్ మీద ఏం రాసుందో గట్టిగా చదివించండి, ఒకరు చదవాలి ఒకరు షీట్‌లో రాయాలి. ఎవరో పుష్ 1 (మామూలు కంటే ఎక్కువసేపు డెవలప్ చేయమని) అని మూలకి చిన్నగా రాస్తారు, దానికి మెషిన్ స్పీడు తగ్గించాలి, చీకట్లోకి వెళ్ళాక ఆ అక్షరాలు కనపడవు.